మొగిలమ్మ ఇంట్లో మగ్గాలు ఆగాయి

మట్టెవాడలో జంపఖానాలు నేయించే సారంగపాణి ఆ ఉదయం ఒక్క పనే పెట్టుకున్నాడు. పోయిన తండ్రి గీసిన డిజైన్లన్నీ పాత కంప్యూటర్‌లోనే ఉన్నాయి, వేరే కాపీ లేదు. వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి సాయంత్రం సుబేదారిలో ఒక పెద్ద వ్యాపారికి చూపించాలి. ఆ కంప్యూటరేమో ఈమధ్య కరకరమంటోంది.

కంప్యూటర్లు చదువుతున్న మేనకోడలు లావణ్య ఫోన్లో భయపెట్టింది. "మామయ్యా, హార్డ్‌డిస్క్ తిరుగుతాంటే జర గూడ అదరొద్దు. లోపల పళ్లెం మీద చిన్న ముల్లు అంటీ అంటనట్టు పోతాంటది. దెబ్బకు అది పళ్లేనికి రాసుకున్నదంటే డిజైన్లు మళ్ల రావు."

పక్క గదిలో మరమగ్గాలు ఆడుతుంటే నేలంతా అదురుతోంది. సారంగపాణి గుండె కూడా అదిరింది. మగ్గాలు ఆపించి, పనివాళ్లను టీకి పంపి, కాపీ పెట్టాడు.

ఆ గల్లీలో కరెంటు ఉండగా మగ్గాలు ఆగాయంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని లెక్క. ఎదురింటి వెంకట్రాజం పరుగున వచ్చి గుమ్మంలోంచి తొంగిచూశాడు. తండ్రి గీసిన నెమలి తెర మీద కనబడేసరికి సారంగపాణి కళ్లు తుడుచుకుంటున్నాడు. అడుగుల అదురు డిస్క్‌కు ఎక్కడ తగులుతుందోనని రావద్దన్నట్టు చెయ్యి ఊపాడు. అతని తల్లి మొగిలమ్మ కొన్నాళ్లుగా దగ్గుతోందని వెంకట్రాజానికి తెలుసు. ఇక అడగాల్సిందేముంది? పాపం మంచి మనిషి, గల్లీలో మగ్గాలన్నీ ఆపించాడు. పూలదండ తెప్పించాడు. డప్పులవాళ్లకూ కబురు పంపాడు.

డప్పు మొదటి దెబ్బకే కిటికీ రెక్కలు గలగలలాడాయి. సారంగపాణి వీధిలోకి ఉరికి, "అన్నా, మీ కాళ్లు మొక్కుత, డప్పు ఆపున్రి" అని బతిమాలాడు. దుఃఖంలో మతి చలించిందనుకుని ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. వెంకట్రాజం దండ పట్టుకుని లోపలికి నడిచాడు.

అప్పుడే వెనక గదిలోంచి మొగిలమ్మ వచ్చింది. "ఎవలు పోయిన్రు బిడ్డా?" అని అడిగింది. వెంకట్రాజం దండతో సహా వెనక్కి పడ్డాడు. బల్ల ఒరిగింది. కంప్యూటర్ డబ్బా ధనామని నేలకు తగిలింది.

చప్పుడు విని లోపలికి పరుగెత్తిన సారంగపాణి దాని పక్కనే కూలబడి ఏడ్చాడు. మొగిలమ్మ కొడుకు తల నిమిరింది. "ఏడ్వకు కొడుకా. మగ్గాలు బందున్నయ్ గదా, కరెంటు దండుగని నువ్వు బయటికి పోంగనె మెయిన్ బంద్ జేసిన. అది నడుస్తలేదు."

సంగతి విని ఫోన్లో లావణ్య ఊపిరి పీల్చుకుంది. డిస్క్ ఆగితే ముల్లు పళ్లెం మీద నుంచి తప్పుకుని పక్కన పడుకుంటుందట, అప్పుడు తగిలే దెబ్బకు చాలావరకు ఓర్చుకుంటుందట. భయంభయంగా స్విచ్ వేశారు. కరకరమంటూనే నెమలి మళ్లీ వచ్చింది. సారంగపాణికి తల్లిని ఎత్తుకుని గల్లీ అంతా తిరగాలనిపించింది. తెచ్చిన దండను మొగిలమ్మ భర్త ఫొటోకు వేయించింది.

కాపీ మాత్రం మొదటినుంచి పెట్టాలి, మగ్గాలు మళ్లీ ఆపాలి. ఈసారి ఆపేముందు మొగిలమ్మ వాకిట్లో కుర్చీ వేయించుకుని, గల్లీలో అందరికీ కనబడేలా కూర్చుంది.