గుర్రపు గిట్టల కింద ముప్పైఏడు ముఖాలు

హిమశిఖరపరివేష్టితమైన బిష్కెక్ మహానగరమున, లెనిన్ దిగిన చోట స్వేచ్ఛాదేవి ఎక్కి, ఆమె దిగిన చోట అశ్వారూఢవీరుడు ఎక్కిన ఆ పుణ్యచతుష్పథమున, ఒక శనివారం సూర్యాస్తమయమునకు సరిగ్గా పదకొండు నిమిషములు ముందు, ముక్కాలి స్టాండే గాండీవముగా, కెమెరాయే పాశుపతముగా, మూడు విగ్రహముల కిందా చోటు మారకుండా బతికిన చిత్రగ్రాహకశిఖామణి జాపర్ సమరసన్నద్ధుడయ్యెను.

ఎదుట ముప్పైఏడుగురి పెళ్లిసేన. వెనుక, విగ్రహపాదముల వద్ద ఫోటో దిగనిదే పెళ్లి అయినట్టే లెక్కపెట్టని మరో పెళ్లివారి కార్లు, హారన్లను శంఖములవలె పూరించుచుండెను. జాపర్ లెక్కవేసెను: పిల్లలను కూర్చోబెట్టుటకు నాలుగు నిమిషములు, ముందువరుసకై అత్తల సంగ్రామమునకు అయిదు. మిగిలినవి రెండు. సరిగ్గా అప్పుడే పెళ్లికూతురి తండ్రి ఇసాబెక్ వరుస విడిచి మ్యూజియం వైపు నడిచెను.

"ఎక్కడికి నాన్నా?" అంది నుర్జమాల్.

"మా పెళ్లికి మీ అమ్మా నేనూ ఇక్కడ లెనిన్ కింద నిలబడి ఫోటో దిగాం. ఆయన్ని పట్టుకెళ్లి మ్యూజియం వెనకాల పెట్టారు. అక్కడికి రండి, దిగుతాను. ఈ గుర్రపాయన నాకేమవుతాడు?"

"లెనిన్‌కి శుభలేఖ వేశావా బావా? రాలేదేం మరి?" అన్నాడు మేనమామ.

నుర్జమాల్ నవ్వలేదు. తల్లి పోయి రెండేళ్లు. నాన్న లేని ఫోటో తనకొద్దని, తెల్లగౌను చుట్టుకుని మెట్టు మీద చతికిలబడెను.

అంత జాపర్, ఇరువది అడుగుల గచ్చుసాగరమును మూడంగలలో లంఘించి, వృద్ధుని మోచేయి పట్టెను.

"అన్నా, పైనున్నవాళ్లు మారారు. కింద రాయి మారలేదు. వదిన నిలబడ్డది ఇదిగో, ఈ పలక మీదే."

ఆ పలక మొన్న వసంతమున పరచినది. తవ్విన గుంతలో జాపర్ స్వయముగా పడినవాడు. అయినను బేరము కుదురు వేళ సరుకు వయసు చెప్పువాడు వర్తకుడు కాడు.

ఇసాబెక్ ఆ రాతిని చూచెను. తెల్ల ఉన్నిటోపీ సర్దుకొని, పక్కన ఒక మనిషికి చోటు వదిలి నిలిచెను. అందులో దూరబోయిన మేనమామను నుర్జమాల్ చొక్కా పట్టి లాగెను.

పలక చిత్రమున పడవలెనని జాపర్ కెమెరాను కిందికి వంచెను. క్లిక్కుమనెను.

దిక్కులారా, వినుడు! ఆ చిత్రమున జాతివీరుడు గుర్రపుగిట్టల వరకే పడెను. రాతిపలక సంపూర్ణముగా పడెను. ముప్పైఏడుగురిలో ముప్పైఆరుగురు కన్నులు తెరిచియుండిరి. మూసినవాడు పెళ్లికొడుకొక్కడే. అతనిని ఎవరును లెక్కింపలేదు.