పోతురాజు జలస్తంభనము

అష్టగ్రహకూటమి వచ్చి, లోకమును ముంచకుండగనే వెనుదిరిగిన సంవత్సరమున, రోహిణీకార్తె సూర్యుడు తూర్పుసముద్రములో ఉప్పు పూసుకొని లేచి బోగోలు ఇసుకనేలలను పేలాలు వేయించు మంగలముగా మార్చుచున్న దినములందు, వరిక్షేత్రసార్వభౌముడును, పంచెకట్టు ప్రచండుడును, ఊర ఏ పౌరాణిక నాటకమాడినను రాజవేషమే కావలెనని పట్టుబట్టువాడును అగు రంగనాయకులు పెరటిలో జరిగిన ఘోరసంగ్రామమును చెప్పెదను. ఆవులింపక వినుడు.

ఆతని వడ్ల గాదెకు కావలి ఒక జెర్రిపోతు. పిల్లగా గడ్డివాములో దొరికి, ఇంటిమనిషివలె పెరిగి, మనిషి నిలువును మించి సాగిన ఆ పసుపువన్నె మహాకాయుని పేరు పోతురాజు. మూషికకులాంతకుడు, విత్తనధాన్యసంరక్షకుడు, ఎన్నడును ఎవరినీ కరవని శాంతమూర్తి. అట్టివాడు ఒకనాడు గాదెను విడిచి, ఇల్లాలు ఆదిశేషమ్మ పుట్టింటినుండి తెచ్చుకున్న రాగి గంగాళములో దిగి, ముక్కుపుటములు మాత్రమే పైకి పెట్టి, బయటికి రానని భీష్మించెను. ఎత్తి నేలపై వదిలినను మరల గంగాళమే శరణు. తిండి లేదు, వేట లేదు. అదను కనిపెట్టిన ఎలుకలు దండుగట్టి విత్తనపు వడ్లపై పడెను. అవి పోయినచో వచ్చే పంటకు నారే లేదు.

నామధేయమున సర్పరాజును ధరించియు సర్పమనిన గిట్టని ఆదిశేషమ్మ చీపురు ఝళిపించెను.

“నీళ్లు పోసుకోను గంగాళం లేదు. గాదెలో విత్తనాలు లేకుండా పోతా ఉండాయ్. దీన్ని తీసకపోయి కాలవ గట్టున వదిలిపెట్టు. లేకుంటే నేను మా అన్న ఇంటికి పోతా!”

రంగనాయకులు కండువా భుజమున విసిరి, కంచుకంఠమెత్తి పలికెను: “ఓసీ నారీమణీ! ఎలుకమూకల దునుమాడి మన గింజలు కాచిన వీరాగ్రేసరుని, ఒక్క గంగాళము కొరకై గెంటుదునా? సూర్యుడు పడమట పొడిచినను, సముద్రము ఉప్పుడిగినను...”

“నాటకం ఆపి పామును చూడు సామీ,” అనెను ఆదిశేషమ్మ.

అంతట పొరుగింటి ఓబులేసు గోడమీదినుండి తల చాచెను. “ఎండకేలే అన్నా. మనమే తట్టుకోలేకుండా ఉండాం, దానికి మాత్రం కాలదా?”

గంగాళమును చూరుకిందికి ఈడ్చి, పక్కన తడిగోనెలు పరచిరి. పోతురాజు నీటినుండి కదలలేదు.

“అయితే కుబుసం విడిచేదానికి నానతా ఉంటది,” అనెను ఓబులేసు.

కుబుసము విడుచు పాము కన్ను పాలవలె మసకబారును. రంగనాయకులు వంగి చూడగా ఆ కన్నులు నల్లపూసలవలె మెరయుచుండెను.

“అట్టయితే గుడ్లు పెడతాదేమో.”

“పోతురాజు గుడ్లు పెట్టడమేందిరా!”

“పేరు పెట్టింది నువ్వే గదన్నా. దాన్నడిగి పెట్టినావా?”

పొట్ట తడిమిరి. గుడ్లును లేవు.

సాయంకాలమున రంగనాయకులు గంగాళము చెంత చతికిలబడెను. పోతురాజు తన గడ్డమును రాగి అంచునకు రాయుచు, మునుగుచు, మరల రాయుచుండెను. “ఏమైందిరా నీకు?” అనెను ఆ రాజవేషధారి, పద్యము లేక, రాగము లేక.

ఆ గొంతు వంటింటిలోని ఆదిశేషమ్మ గుండెను తాకెను. పాముకు కొత్తనీళ్లయినను పోయుదమని వచ్చి, మగనిచేత పామును పైకి తీయించి, గంగాళమును వంచెను. రాగి అడుగున ఆవగింజలో సగములేని నల్లచుక్కలు. అందులో ఒకటి నడిచెను.

“అయ్యో, ఇవి పేలు! పాముకి పేలు పట్టినాయ్!”

“వెంట్రుకే లేనివానికి పేలా?”

“పొలుసుల సందున దూరినాయ్. అవి కొరుకుతా ఉంటే తాళలేక, వాటిని ముంచేదానికే వాడు నీళ్లలో మునుగుతా ఉండాడు పాపం!”

అంత రంగనాయకులు పామును ఒడిలో పరుండబెట్టుకొనగా, ఓబులేసు అది పడుకొను పాతగడ్డిని తగులబెట్టి పొగధ్వజమెత్తగా, ఇంతవరకు పాముతోకనైనను తాకని ఆదిశేషమ్మ కొంగు నడుమున దోపి, కళ్లు సగము మూసి, నువ్వులనూనె గుడ్డతో శిరసునుండి వాలముదాక తుడువ, శత్రువులు పొలుసుకోటలనుండి జారి, నూనెమడుగులో ఊపిరాడక, వందలుగా నేలగూలిరి.

పామును వదిలిరి. అది గాదెవైపు కొంత పాకి, ఆగి, మరల గంగాళమువైపు తిరిగెను.

“ఇంకేముంది,” అని రంగనాయకులు నీరుగారెను.

ఆదిశేషమ్మ చివాలున పాము తల పట్టుకొని వెలుతురుకు తిప్పెను. కుడికంటి అంచున, పొలుసు మడతలో, బలిసిన పేనొకటి తల దూర్చి, వెనుకభాగము చూపుచుండెను.

“కదలొద్దురా నాయనా,” అనుచు, పిన్నుకొనతో దానిని పెకలించి, ఎడమ బొటనగోటిపై నిలిపి, కుడి బొటనగోరు వజ్రాయుధముగా దించెను.

టప్పు!

పోతురాజు తల విదిలించి, నాలుక ఆడించి, నీటివంక చూడనైనను చూడక సరసరా గాదెలోనికి పోయెను. లోపల కిచకిచ, ఆపై నిశ్శబ్దము. రంగనాయకులు కళ్లొత్తుకొని, “ఏదీ, ఆ దుర్మదాంధుని కళేబరము చూపుము!” అని గర్జించెను. ఆదిశేషమ్మ గోరు చాచెను. చత్వారపు కన్నులకు ఏమియు ఆనక ఆతడు మరింత వంగునంతలో సముద్రపుగాలి వీచి, ఉన్నదానిని ఎగరగొట్టెను.

శవము లేకున్ననేమి? బోగోలునుండి కావలిదాక దిక్కులు పిక్కటిల్ల చాటుచున్నాను: ఆ సాయంత్రము ఒక పేను చచ్చెను!