బుడ్డ కాయిన్ తొమ్మిదో చీటీ

జూన్ రెండో తేదీ ఉదయం జయచంద్ర వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి అందరికీ ఉగ్గాని, బజ్జీ. తొమ్మిదిన్నరకు చీటీలు విప్పడం. పదింటికి బుడ్డ కాయిన్ ప్రారంభం. పదిన్నరకల్లా తాడిపత్రిలో ఉన్న విత్తనాల వ్యాపారికి రెండు లక్షలు పంపడం. పదకొండుకు ఇంటికొచ్చి మామగారికి ఫోన్ చేసి, అల్లుడు నెట్ సెంటరు పెట్టుకుని చెడిపోయాడని ఇన్నాళ్ళూ అన్నందుకు ఆయన బాధపడేట్టు మర్యాదగా మాట్లాడడం.

యాడికి అనే ఊళ్ళో బస్టాండు పక్కన ఆ నెట్ సెంటరు పెట్టక ముందు జయచంద్ర రెండేళ్ళు బెంగళూరులో ఉన్నాడు. అక్కడ జీతం నిలవలేదు కానీ క్రిప్టో గురించిన జ్ఞానం నిలిచింది. దాన్ని ఊరికి ఉపయోగపెడదామనుకున్నాడు. బుడ్డలంటే ఆ ప్రాంతంలో వేరుశెనగ కాయలు. నలభై మంది రైతులు మనిషికి ఐదు వేలు వేస్తారు. ఆ డబ్బంతా ఫోన్‌లోని ఒక వాలెట్లో ఉంటుంది. దానికి సాక్ష్యంగా వాళ్ళ ఫోన్లలో బుడ్డ కాయిన్లు ఉంటాయి. తొలి వాన పడగానే ఆ డబ్బుతో టోకున విత్తనం కొంటారు, పంట కూడా కలిసే అమ్ముకుంటారు. చెడ్డ ఆలోచనేమీ కాదు. కాకపోతే కిందటేడు ఒక కాయిన్ కంపెనీ కుర్చీలతో సహా రాత్రికి రాత్రి మాయమైంది. అప్పటినుంచి యాడికిలో కాయిన్ అన్న మాట వినపడితే జనం చెప్పుల కోసం వెతుక్కుంటున్నారు, వేసుకుని వెళ్ళిపోవడానికో, తీసి కొట్టడానికో తెలియదు.

అందుకని జయచంద్ర 'నమ్మకమే మా పెట్టుబడి' అని కరపత్రాలు వేయించాడు. నాలుగు రోజులు ఒక్కరూ రాలేదు. ఐదో రోజు బస్టాండు ముందర బజ్జీల బండి పెట్టుకునే బయమ్మ వచ్చి, కొంగు ముడి విప్పి ఐదు వేలు లెక్కపెట్టి బల్లమీద పెట్టింది. ఆమెకు నాలుగెకరాల మెట్ట చేను ఉంది. మరో రెండు రోజుల్లో మిగతా ముప్పై తొమ్మిది మందీ వచ్చేశారు. కరపత్రంలో అక్షరాలు పెద్దవిగా వేయించడం కలిసొచ్చిందనుకున్నాడు జయచంద్ర.

అసలు గొప్ప పని ఆ తరువాత చేశాడు. ఆ వాలెట్‌కు తాళం పన్నెండు ఇంగ్లీషు మాటలు. వాటిని వరస తప్పకుండా కొడితేనే తెరుచుకుంటుంది. ఆ మాటలు ఒక్కోటి ఒక్కో చీటీ మీద రాసి, నంబరు వేసి, బయమ్మతో సహా పన్నెండు మంది పెద్దలకు పంచాడు. అందరి ఎదుటా తన ఫోన్‌లోంచి వాలెట్‌ను తుడిచేశాడు. ఆంజనేయస్వామి గుడి ముందు నిలబడి, "నా దగ్గర ఇంకో కాపీ లేదు. మీ పన్నెండు మందీ కలవనిదే నేను కూడా తెరవలేను. మీరు కూడా మీ మాట ఎవరికీ చెప్పగూడదు" అని అరచేత్తో కర్పూరం ఆర్పాడు. ఆ పన్నెండు మందీ ఆర్పారు. ఆ సీమలో కర్పూరం ఆర్పిన మాటకు తిరుగులేదు.

జయచంద్ర చేయి కాలింది కొద్దిగానే. మనసు మాత్రం అప్పటినుంచీ చురుక్కుమంటూనే ఉంది. ఎందుకంటే ఇంకో కాపీ ఉంది. గుడికి బయలుదేరే ముందే, ఎరువుల అంగడివాళ్ళిచ్చిన క్యాలెండరులో మే నెల కాగితం వెనక, మూలన, పన్నెండు మాటలూ నంబర్లతో సహా రాసుకున్నాడు. చీటీ పుచ్చుకున్నవాళ్ళలో తిమ్మన్న తాతకు డెబ్బై ఆరేళ్ళు, దగ్గు కూడా ఉంది, రేపు ఏమైనా అయితే అందరి డబ్బూ ఏం కావాలి? కారణం మంచిదే. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడమేత కోసమన్న వాడికి కూడా కారణం ఉంది. ఆ విషయం భార్య రేఖకు కూడా చెప్పలేదు.

మే ముప్పై ఒకటిన వాన పడింది. రెండో తేదీ నెట్ సెంటరు ముందు షామియానా వేశారు. బజ్జీలు బయమ్మవే. అంగన్‌వాడీ టీచరు రెబెకా పదకొండు చీటీలు తీసుకుని బల్ల దగ్గర కూర్చుంది. బయమ్మ నూనె మూకుడు దగ్గర ఉండటంతో ఆమె దగ్గరున్న తొమ్మిదో చీటీ తరువాత తీసుకుందామనుకున్నారు.

"చదవండి టీచరమ్మా, ఒకటో నంబరునుంచి" అన్నాడు జయచంద్ర ఫోన్ పట్టుకుని.

రెబెకా చీటీలు అటూ ఇటూ తిప్పింది. "ఏమప్పా, ఒకట్లు మూడు ఉండాయి?"

జయచంద్ర లాక్కుని చూశాడు. నిజంగానే మూడున్నాయి. ఒకదానిమీద ఏడు కొట్టేసి ఒకటి రాసి ఉంది. ఎర్ర ఇంకు.

"అది నాది," అన్నాడు మాజీ సర్పంచి ఓబుళేసు, కుర్చీలో కదలకుండా. "నేనే దిద్దుకున్యా."

"ఎందుకన్నా?"

"ఎందుకేంది? జాతరలో మొదటి తాంబూలం మా ఇంటిది. తిమ్మన్నకి ఒకటో నంబరిచ్చి నాకి ఏడు ఇస్తావా? నలుగురిలో తల యాడ పెట్టుకోవల్ల?"

"అన్నా, అది తాళం నంబరు, తాంబూలం కాదు!"

"ఏదైతేనేంలే, నంబరు నంబరే గదా."

తిమ్మన్న దగ్గుకుంటూ లేచాడు. "నాది మొదటినుంచీ ఒకటే. ఆయప్ప దిద్దుకున్యాడని నేను ఇడిచిపెట్టల్లనా?"

మూడో ఒకటి మార్కండేయది. ఓబుళేసుకు ఒకటి ఉన్నప్పుడు తమ వీధికి కూడా ఒకటి ఉండాలి కదా అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. చీటీలు అన్నీ చూస్తే ఎనిమిది ఎక్కడా లేదు. అది శని నంబరని పుచ్చుకున్నవాడు ఐదు చేసుకున్నాడట. ఐదు వచ్చినవాడు తనకు ఆరు కలిసొస్తుందని ఆరు చేసుకున్నాడు. మిగతావాళ్ళు పాత నంబర్లు కనపడకుండా గీకేశారు. ఇక ఎవరికి అసలు ఏ నంబరు వచ్చిందో చెప్పమంటే, ఒక్కరూ తమది చివరి నంబరని ఒప్పుకోలేదు.

"ముందర నాది మూడు... కాదప్పా, రెండు."

"రెండు నాది. నీది పదకొండు. నేను చూసినా."

"నీకి నా చీటీ ఎట్ల తెలుసు? చూపీగూడదని కర్పూరం ఆర్పలేదా నువ్వు?"

మిగిలిన ఆ ఒక్క మాట కూడా చేతికి రానిదే వాలెట్ తెరుచుకోదు. వరస సంగతి తరువాత చూద్దామని జయచంద్ర బయమ్మ దగ్గరికి పరుగెత్తాడు. ఆమె మెడలో నల్ల తాడు, దానికి రాగి తాయెత్తు.

"అవ్వా, నీ చీటీ ఇయ్యవ్వా."

"ఇయ్యను."

"ఎందుకవ్వా? ఈ పొద్దు విప్పల్ల గదా!"

"ఎవరికీ చెప్పనని కర్పూరం ఆర్పించింది నువ్వే. ఈ పొద్దు చెప్పొచ్చని స్వామి ముందర అన్యావా?" అంటూ బయమ్మ ఒక మిరపకాయను పిండిలో ముంచింది. "నాకి చదువు రాదు. దాంట్లో ఏముండాదో నాకే తెలీదు. తాయెత్తులో పెట్టి మూత అతికిచ్చినా. నా మాట తప్పించొద్దు నాయనా."

ఇంతలో ఫోన్ మోగింది. తాడిపత్రి వ్యాపారి. "ఏమన్నా, లారీ యాడ దింపల్ల? పామిడి రైతులు దుడ్లు పట్టుకుని నిలబడుండారు. పన్నెండు దాకా చూస్తా, అంతే." అప్పటికి పదకొండు దాటింది. తడి ఆరితే విత్తనం వేసుకునేది లేదు. మళ్ళీ వాన ఎప్పుడో ఎవరికీ తెలియదు. నలభై ఇళ్ళ ఈ ఏటి పంట ఆ ఫోన్‌లో ఇరుక్కుని ఉంది.

జయచంద్ర కుడితిలో పడ్డ ఎలుకలా ఒక్క క్షణం నిలబడి, "చార్జరు తెస్తా" అని ఇంటికి పరుగెత్తాడు. పడకగది గోడమీద క్యాలెండరు ఉంది. దానిమీద జూన్ నెల ఉంది.

"రేఖా! మే యాడ?"

"అయిపాయ గదా," అంది రేఖ బియ్యం ఏరుకుంటూ. "నిన్న చించి బయమ్మవ్వకిచ్చినా. దళసరి కాగితం, బజ్జీలకి బాగుంటాదనింది. ఎందుకు, మే నెలతో నీకేం పనుండాది?"

ఆ ప్రశ్నకు జయచంద్ర దగ్గర జవాబు ఉంది కానీ భార్యకు చెప్పేలాంటిది కాదు. వచ్చిన దారినే వెనక్కి పరుగెత్తాడు.

షామియానా కింద రెండో విడత బజ్జీలు నడుస్తున్నాయి. మే నెల బొమ్మ జత కాడెద్దులు. ఎడమ ఎద్దు తోక వెనక రాసుకున్నట్టు జయచంద్రకు బాగా గుర్తు. మార్కండేయ చేతిలో ఒక మూపురం ఉంది. తిమ్మన్న ఒళ్ళో రెండు కొమ్ములున్నాయి. రెబెకా టీచరు దగ్గర నాలుగు గిట్టలున్నాయి. తోక ఓబుళేసు చేతిలో ఉంది. ఆయన ఆఖరి బజ్జీ నోట్లో వేసుకుని, ఆ తోకతోనే వేళ్ళు తుడుచుకుంటున్నాడు. ఇంకొక్క క్షణంలో ఉండ చుట్టి మురికి కాలువలో వేస్తాడు.

తేలు కుట్టిన దొంగ సంగతి జయచంద్రకు ఆ రోజు పూర్తిగా అర్థమైంది. మాట్లాడకపోతే ఆ కాగితం కాలువలో పోతుంది, తన పేరు నిలుస్తుంది. తప్పంతా చీటీలు దిద్దుకున్నవాళ్ళదే అవుతుంది. మాట్లాడితే విత్తనం వస్తుంది, ఇక ఈ ఊళ్ళో తను కర్పూరం వెలిగించడానికి కూడా పనికిరాడు. ఓబుళేసు కాగితం ఉండ చుట్టాడు.

"అన్నా, దాన్ని పారేయొద్దు!"

"ఎందుకప్పా? బజ్జీలు అయిపాయ."

"దాని ఎనక..." జయచంద్ర ఓబుళేసు మణికట్టు పట్టుకున్నాడు. "దాని ఎనక పన్నెండు మాటలూ ఉండాయి. వరసగా. నేనే రాసుకున్యా. కర్పూరం ఆర్పకముందే."

అందరూ నమలడం ఆపారు. జయచంద్ర తల దించుకుని తిట్లకోసం ఎదురుచూశాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. తిమ్మన్న నింపాదిగా గొంతు సవరించుకున్నాడు.

"అంతే గదా? ఇంకేమో అనుకున్యా. పొద్దున్నే చెప్పింటే ఈ పాటికి లారీ వచ్చేది."

"నీకి కోపం రాలేదా తాతా?"

"కోపమెందుకు? కాపీ పెట్టుకోకుండా ఉండేంత ఎర్రోడివి కాదని మాకు తెలీదా?" అన్నాడు ఓబుళేసు, కాగితం విప్పి తొడమీద సాపు చేస్తూ. "ఊరందరికీ తెలిసిందే. అందుకే గదా నేను ధైర్యంగా నంబరు దిద్దుకునింది."

జయచంద్రకు ముఖం కాలినట్టయింది. "అట్లయితే ఎవురూ నన్ను నమ్మలేదా? మరి దుడ్లు ఎందుకేసినారు?"

"బయమ్మ ఏసింది గదా!" అన్నారు నలుగురైదుగురు ఒక్కసారే, ఇంత చిన్న సంగతి అడిగినందుకు విసుగ్గా.

నూనె మరకల మధ్య మాటలు స్పష్టంగానే కనిపించాయి. జయచంద్ర వాటిని వరసగా కొట్టాడు. వాలెట్ తెరుచుకుంది. పన్నెండుకు పావుగంట ముందు డబ్బు వెళ్ళింది. సాయంత్రానికి లారీ వచ్చింది. చప్పట్లు మాత్రం ఎవరూ కొట్టలేదు.

అంతసేపూ మాట్లాడని మనిషి బయమ్మ ఒక్కతే. అందరూ లేచాక జయచంద్ర బండి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఆమె అతని వంక చూడకుండా అడిగింది. "నువ్వు గుడి ముందర చెప్పింది అబద్ధమా నాయనా?"

ఊళ్ళో తనను నమ్మిన మనిషి ఒక్కరంటూ ఉన్నారని అతనికి అప్పుడు తెలిసింది. భూమి చీలితే దిగిపోదామనిపించింది కానీ వాన పడ్డాక నేల మెత్తబడి చీలికలన్నీ పూడిపోయాయి.

"అవునవ్వా," అన్నాడు. "ఇంక ఆ చీటీతో పనిలేదు. పారేయి."

"ఎందుకు పారేస్తా? పోయింది నీ మాట గదా. నా మాట యాడికీ పోలేదు."

మరుసటి ఏడు నలభై మందీ విత్తనం డబ్బు తెచ్చి బయమ్మ రేకుపెట్టెలో పెట్టారు. కరపత్రం లేదు, కర్పూరం లేదు. బుడ్డ కాయిన్ ఇప్పటికీ అందరి ఫోన్లలోనూ ఉంది, చూసేవాళ్ళే లేరు. జయచంద్ర రోజూ పొద్దున బయమ్మ దగ్గరే బజ్జీలు తింటాడు. ఆమె మెడలో తాయెత్తు అలాగే ఉంది. అందులోని తొమ్మిదో మాట ఏమిటో అతనికి కంఠతా వచ్చు కానీ, ఆమె ఎదుట మాత్రం తెలియనట్టే ఉంటాడు.