శనివారం దాకా పీకొద్దు

సోమవారం పొద్దున ఆవిడ వేసుకున్న పథకం చాలా చిన్నది. శనివారం నాలుగింటి దాకా గడ్డం జోలికి పోకూడదు, దాన్ని ఎవరికీ కనబడనివ్వకూడదు. అంతే.

నీటి కనెక్షన్ల ఆఫీసులో ఆవిడ పేరు ఎవరికీ పట్టదు. మూడో కిటికీలో కూర్చుంటుంది గనక అందరికీ మూడో కిటికీ. ఇరవై రెండేళ్లుగా రోజూ పొద్దున్నే స్నానాలగది గడియ పెట్టుకుని, గడ్డం మీద పంతొమ్మిది వెంట్రుకలు చిన్న పట్టకారుతో పీక్కునేది. మొగుడికీ తెలియదు. అతను నాలుగు రోజులు గడ్డం గీసుకోకపోతే దాన్ని సెలవంటారు. ఆవిడ గీసుకోకపోతే ఏమంటారో వినే ఓపిక ఆవిడకి లేదు.

రెండు నెలలు ఎదురుచూస్తే చర్మం క్లినిక్కులో టైము దొరికింది. అక్కడి సూదుల మేడమ్ ముందే విడమరిచి చెప్పింది. "ఒక్కో వెంట్రుక పక్క నుంచి కుదుట్లోకి సన్న సూది దింపి కరెంటు ఇస్తాం. కుదురు చచ్చిందా, ఇక మొలవదు. ఒక్కసారితో అవదు, ఏడాది పైనే తిరగాలి. నెల ముందు నుంచీ పీకడం మానెయ్యండి. కావాలంటే కత్తిరించుకోండి. ఆఖరి ఐదు రోజులు కత్తెర కూడా వద్దు. వెంట్రుక లేకపోతే సూదికి దారి ఉండదు."

అందుకని మూడు వారాల పైన కత్తెరతో నెట్టుకొచ్చి, సోమవారం మాస్కు పెట్టుకుని వెళ్లింది. ఆఫీసరు తన మీసం దువ్వుకుంటూ ఆగాడు. ఆ మీసానికి జేబులో ప్రత్యేకంగా దువ్వెన ఉంది. ఎవరూ ఏమీ అనరు.

"ఏంటమ్మా, మాస్కు?"

"పంటి నొప్పి సార్."

మంగళవారం రికార్డుల గదిలో గోడవైపు తిరిగి అన్నం తింది. ఏమీ తినలేకపోతోందని సాయంత్రానికి ఆఫీసంతా పాకింది. బుధవారం ఆవిడ రికార్డుల గదిలో ఉండగా, కౌంటరు మీద వదిలిన ఫోను మోగింది. పక్క కిటికీ గుమస్తా ఎత్తాడు. "శనివారం నాలుగింటికి. కరెంటుతో కుదుళ్లు కాలుస్తాం కదా, గంట ముందు మత్తు క్రీము రాసుకోమనండి. ఏడాది ట్రీట్‌మెంటు మధ్యలో ఆపొద్దనండి," అంది క్లినిక్కు.

పంటి నొప్పికి కరెంటేంటి, ఏడాదేంటి? నోటి క్యాన్సరే అయ్యుంటుందని గుమస్తా ఆఫీసరుకి చెప్పాడు. ఆఫీసరు ఆవిడ మొగుడికి ఫోన్ చేశాడు. మొగుడు వాళ్లమ్మకి చేశాడు. గురువారం ఆఫీసరు ఏడాది సెలవు ఫారం తనే నింపి, సంతకం ఒక్కటి మిగిల్చి తెచ్చాడు. ఇంటికెళ్తే అత్తగారు పెట్టెతో దిగి ఉంది, నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు మొగుడు.

"చెప్పేంత ఏం లేదు."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఇరవై రెండేళ్ల నుంచి."

అతను కూలబడ్డాడు. విప్పి చెప్పడం కంటే పడుకోవడం తేలికనిపించి ఆవిడ పడుకుంది.

శనివారం మధ్యాహ్నం అతను నొప్పికని రెండు మాత్రలు తెచ్చాడు. వాదించే బదులు మింగేసింది. సోఫాలోనే నిద్ర పట్టేసింది. మెలకువ వచ్చేసరికి మాస్కు గొంతు మీద ఉంది. గడ్డం చల్లగా, నున్నగా తగిలింది. ఎదురుగా అత్తగారు, చేతిలో కోడలి పట్టకారు.

"ఏం చేశారత్తయ్యా?"

"ఆస్పత్రికి గడ్డంతో పంపమంటావా? పాపం, పీక్కునే ఓపిక కూడా లేకపోయిందనుకున్నా. పంతొమ్మిది. లెక్కపెట్టా."

"వాటిని పెంచడానికి నెల పట్టింది అత్తయ్యా," అని కోడలు మొత్తం చెప్పింది. ఏడవలేదు. అలిసిపోయింది.

అత్తగారు అంతా విని చేతిరుమాలు దించింది. కింద, గడ్డం మీద తెల్లగా ఓ గుత్తి.

"మీరూనా?"

"నలభై ఏళ్లుగా. పెద్దగా కనబడే అద్దం పగిలి నెలన్నరైంది. నీవి కనిపిస్తాయి, నావి నాకు కనిపించి చావవు." చేతిరుమాలు మడుస్తూ, "తెల్లవైనా పోతాయా?" అంది.

"కరెంటుకి రంగుతో పనిలేదట."

నాలుగింటికి సూదుల మేడమ్ కోడలి గడ్డం దీపం కింద తిప్పి చూసింది. "ఏముందని సూది పెట్టను? మళ్లీ నెల ఆగాల్సిందే." ఈలోపు అత్తగారు చెప్పులు విప్పి కుర్చీ ఎక్కేసింది.

"అమ్మకి కూడానా?" అని బయట మొగుడు రెండోసారి కూలబడ్డాడు. ఈసారి భార్య పక్కన కూర్చుని మొత్తం చెప్పింది. అతను తన నాలుగు రోజుల గడ్డం తడుముకున్నాడు.

సోమవారం మూడో కిటికీ మాస్కు లేకుండా తెరుచుకుంది. ఒక్క పూటలో తగ్గిపోయిందా అని ఆఫీసరు కాస్త నిరాశగా ఫారం చింపాడు. అదే పూట అత్తగారు ఎర్రబడిన గడ్డానికి మాస్కు తగిలించుకుని కూరగాయల కొట్టుకెళ్లి, ఎవరూ అడక్కముందే పంటి నొప్పని చెప్పింది.