భుజం మీద చెయ్యి

ఆదివారం పొద్దున్నే పెద్దకోడలు కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పేసి, ఫోను చేతపట్టుకుని ముందుగదిలోంచి హాల్లోకి వచ్చింది. ఆ రోజుతో అత్తగారికి డెబ్భై ఏళ్ళు నిండుతాయి. ఇంటిల్లిపాదీ కలిసి ఫొటో దిగి, దాన్ని పెద్దది చేయించి, హాలు గోడకు తగిలించాలని ఎప్పుడో నిర్ణయం జరిగిపోయింది. ఎవరు తీయాలన్నది మాత్రం పెద్దకోడలు ఒక్కతే నిర్ణయించుకుంది.

ఆ ఇంట్లో ఫొటోలు తీసే హక్కు మరిదిది. బీమా ఆఫీసులో ఉద్యోగం, మెడలో పెద్ద కెమెరా. పెళ్ళయి వచ్చిన నాటినుంచీ ఆ కెమెరా ముందు నిలబడ్డ ప్రతిసారీ ఆవిడకు ఒకటే మాట వినిపించేది. "కొంచెం పక్కకి వదినా. ఫ్రేము బరువెక్కుతోంది." ఆవిడ జరిగేది. ఇంకొంచెం అనేవాడు. ఇంకొంచెం జరిగేది. తీరా ఫొటో వచ్చాక గోడ మీదికి అందరూ ఎక్కేవారు, ఆవిడ మాత్రం ముక్కలుగా ఎక్కేది. ఒకదాంట్లో మోచెయ్యి, ఇంకోదాంట్లో సగం చెవి, మరోదాంట్లో చీర చెంగు. రోజూ ఇల్లు ఊడుస్తూ ఆ గోడ ముందు ఆగి తన ముక్కల్ని తాను చూసుకోవడం ఆవిడకు అలవాటైపోయింది. చూసినప్పుడల్లా ఒళ్ళు మండేది. ఈసారి ఆ గోడ మీద తన మొహం, రెండు చెవులతో సహా, నిండుగా ఉండి తీరాలి. అంతకు రవ్వంత తగ్గినా ఒప్పుకునేది లేదు.

అవకాశం అత్తగారే ఇచ్చింది. "తీసేది వాడే గనక ఏ ఫొటోలోనూ వాడు ఉండడు. గోడ నిండా ఫొటోలు, ఒక్కదాంట్లో నా చిన్నకొడుకు లేడు. ఈసారి వాడు ఉండాల్సిందే" అని కళ్ళు ఒత్తుకుంది. ఏ ఫొటోలోనూ లేనివాళ్ళు ఆ ఇంట్లో ఇంకొకరున్నారని ఎవరికీ తట్టలేదు. పెద్దకోడలూ గుర్తుచేయలేదు.

"నా ఫోనులో టైమరుంది అత్తయ్యా. నేను తీస్తాను, అందరం ఉందాం" అంది.

మరిది నవ్వాడు. "ఫోనుతోనా వదినా? గోడకి తగిలించే ఫొటో."

"ఫోనుతోనే."

కొంతకాలంగా ఆవిడ జాకెట్లకు హుక్కులు కుడుతూ, మిషన్‌కు ఫోను ఆనించి పెట్టుకుని, ఫొటోల పాఠాలు వింటోంది. తీసేముందు లెన్సు తుడవాలి. వెలుతురు మొహాల మీద పడాలి గాని వీపుల మీద కాదు. తెర మీద గీతలు పెట్టుకుని, కళ్ళు పై గీత దగ్గరికి వచ్చేలా చూసుకోవాలి. జూమ్ జోలికి పోకూడదు. తీశాక అంచులు కత్తిరించుకోవాలి, అడ్డొచ్చినవి చెరిపేయాలి. కత్తిరించడం ఆవిడకు ఒకరు నేర్పాలా?

కిటికీ ఎదురుగా కుర్చీ వేసి అత్తగారిని కూర్చోబెట్టింది. గళ్ళ చొక్కా వేసుకున్న మరిది వెనక నిలబడి తల్లి భుజం మీద చెయ్యి వేశాడు. ఒక పక్క తోడికోడలు, ఇంకో పక్క తన భర్త. స్టూలు మీద దారపు రీళ్ళ డబ్బా పెట్టి, దానికి ఫోను ఆనించి, టైమరు నొక్కి, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని పరుగున వచ్చి నట్టనడుమ నిలబడింది.

"మధ్యలోనా వదినా?"

"మధ్యలోనే."

ఫోను టిక్కుమంది.

మరిది కేకు తేవడానికి బయల్దేరాడు. పెద్దకోడలు కూర్చుని ఫొటో తెరిచింది. అంతా బాగుంది గాని, వెనక తలుపుకు ఎవరో కుట్టడానికిచ్చిన గళ్ళ చొక్కా హ్యాంగరుకు వేలాడుతోంది. ఇంకా గుండీలు కుట్టాల్సింది. అది చూపంతా లాగేస్తోంది. పాఠంలో చెప్పినట్టే దాని చుట్టూ వేలితో సున్నా చుట్టి చెరిపేయమంది. ఫోను కాసేపు ఆలోచించింది. వేలాడుతున్న చొక్కాను తీసేసి, అదే ఊపులో దాని ముందున్న ఇంకో గళ్ళ చొక్కానూ, అందులో ఉన్న మనిషినీ తీసేసి, ఖాళీ అయిన చోట గోడను చక్కగా అతికించింది. అత్తగారి భుజం మీదున్న చేతికి గళ్ళు లేవు గనక దాన్ని మాత్రం వదిలేసింది.

పెద్దకోడలు ఇదేమీ చూడలేదు. ఆవిడ చూస్తున్నది తన మొహాన్ని. నిండు మొహం, రెండు చెవులు, నుదుటి మీద బొట్టు వంకరపోకుండా. "నేను బాగానే ఉంటానే" అనుకుంది. ఆ సంతోషంలోనే ఫొటోను ఇంటివాళ్ళ గ్రూపులో పెట్టి, వీధి చివరి స్టూడియోకు కూడా పంపి, ఫ్రేము కట్టి వెంటనే పంపమంది.

మొదట ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, చిన్నన్నయ్య ఏడి?"

"ఇప్పుడే బయటికి వెళ్ళాడు."

"ఫొటో మధ్యలోనా?"

"అవును, అది తీశాకే..." అనేలోపు ఫోను పెట్టేసింది. మరుక్షణం గ్రూపులో రాసింది: చిన్నన్నయ్య ఫొటో మధ్యలోంచి లేచి వెళ్ళిపోయాడట. దాని కింద పిన్నిగారు, అన్నదమ్ముల మధ్య ఇంత గొడవ జరుగుతుంటే పెద్దవాళ్ళకు చెప్పరా అని నిలదీసింది. దూరపు బాబాయి ఒకాయన పైన రాసినవేవీ చదవకుండా, ఫొటోలో ఆ ఒంటి చెయ్యిని చూసి, ఎప్పుడు జరిగింది, ఆఖరిచూపుకైనా పిలవలేదే అని వాపోయాడు. ఆయన్ని చూసి మరో నలుగురు ధైర్యంగా ఉండమన్నారు.

పెద్దకోడలు కళ్ళజోడు పెట్టుకుని ఫొటో మళ్ళీ చూసింది. అత్తగారు కోరుకున్నదల్లా చిన్నకొడుకు ఫొటోలో ఉండాలని. ఉన్నాడు, మణికట్టు దాకా. తప్పయిపోయిందని చెప్పేద్దామని లేచింది. నిజంగానే చెప్పేసేది.

అంతలో మరిది మెడలో కెమెరా, చేతిలో కేకు పెట్టెతో గుమ్మంలోకి వచ్చాడు. దారిలోనే వాళ్ళ మామగారు ఫోన్ చేసి, ఆస్తి పంపకాలు అయిపోయాయటగా అల్లుడూ, మాతో ఒక్క మాటైనా అనలేదు అని నిష్ఠూరమాడాడు. మరిది మొహం కందగడ్డలా ఉంది. అయినా పెద్దమనిషి తరహాగా చెయ్యెత్తాడు.

"పోనీండి వదినా. రాని పని నెత్తికెత్తుకుంటే ఇలాగే అవుతుంది. తెలియక చేశారు, మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. నా కెమెరా తెచ్చాను, ఇంకోటి తీస్తాను. అందరూ నిలబడండి. మీరు కొంచెం పక్కకి."

పెద్దకోడలు కదల్లేదు.

"తెలియక కాదు. తెలిసే తీసేశాను" అంది.

"తెలిసే?"

"తెలిసే. ఫ్రేము బరువెక్కింది."

తోడికోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మా ఆయన నీకేం అపకారం చేశాడక్కా?" అంది. భర్త పెద్దకోడల్ని వంటింట్లోకి తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు.

"నిజం చెప్పు. పొరపాటే కదా?"

"మీకెందుకు?"

"పొరపాటని ఒక్క మాట అనేస్తే పోలా?"

"పోతుంది. గోడ మీదనుంచి నేను పోతాను" అంది ఆవిడ. "వచ్చినప్పట్నుంచీ పక్కకి జరుగుతూనే ఉన్నాను. ఇక జరగడానికి గోడే అడ్డం. ఆ ఫొటో మారదు."

ఆయన మంచినీళ్ళు తాగి బయటికి వచ్చాడు.

సరిగ్గా అప్పుడే స్టూడియో అతను ఫ్రేము చంకన పెట్టుకుని దిగాడు. "చెయ్యి కూడా తీసేయనా అని అడుగుదామనుకున్నానండీ. మీరేదో ఆలోచించే ఉంచారని వదిలేశాను" అని, అందరి మొహాలూ చూసి, నిలబడకుండా వెళ్ళిపోయాడు.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుంది. ఫ్రేముకేసి చాలాసేపు చూసింది. తన భుజం తాను ఒకసారి తడుముకుంది. "దీనికి చోటు కావాలంటే పాతదొకటి దించాలి. ఏది దించాలో చూస్తాను" అని లేచి, గోడ వెంబడి మెల్లగా నడిచింది. ఒకచోట ఆగింది.

"ఈ మోచెయ్యి ఎవరిదిరా?"

"వదినదమ్మా" అన్నాడు మరిది.

"ఈ చెవి?"

"అదీ వదినదే."

"ఈ చెంగు?"

మరిది కెమెరా పట్టీ సవరించుకున్నాడు. "అక్కదే అత్తయ్యా" అంది తోడికోడలు, ముక్కు తుడుచుకుంటూ. "ఆ చీర నేనే ఇస్త్రీ చేసిచ్చాను."

అత్తగారు గోడ చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "ఇన్నేళ్ళూ వీడు లేడు, వీడు లేడు అని ఏడ్చాను గాని, ఈవిడ లేదని చూడలేదు" అంది. తర్వాత చిన్నకొడుకు వైపు చూసింది. "ఇవన్నీ తెలిసి చేశావా, తెలియక చేశావా?"

మరిది ఆ గోడనూ, మెడలో కెమెరానూ మార్చి మార్చి చూశాడు. తెలిసి చేశానంటే వదినను కావాలని ఇంట్లోంచి కోసేసినవాడవుతాడు. తెలియక చేశానంటే ఇంతకాలం మెడలో వేసుకు తిరిగింది కెమెరా కాక ఎద్దు మెడలో గంట అవుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కేకు పెట్టె బరువెక్కినట్టుంది, బల్ల మీద పెట్టేశాడు.

"నాకు అంచులు చూసుకోవడం రాదమ్మా" అన్నాడు చివరికి.

పెద్దకోడలి కోపం సగానికి సగం దిగిపోయింది. మిగతా సగం మీదే ఆవిడ నిలబడింది. మరిది ఆశగా ఆవిడ వైపు తిరిగాడు.

"నేను ఒప్పుకున్నాను కదా. మరి మీరు? నిజంగా తెలిసే తీసేశారా వదినా?"

ఆవిడ నోరు తెరిచింది. గోడ మీద తన మోచెయ్యి కనబడింది. నోరు మూసుకుంది.

"కేకు కోయండి అత్తయ్యా, కరిగిపోతోంది" అంది.

మోచెయ్యి ఫొటో దించేశారు. ఆ మేకుకే కొత్తది ఎక్కింది. నట్టనడుమ పెద్దకోడలు, రెండు చెవులతో, ఎవరైనా జరగమంటారేమో చూస్తానన్నట్టు నిలబడి ఉంటుంది. వచ్చినవాళ్ళు మాత్రం ముందుగా అత్తగారి భుజం మీద చెయ్యినే చూసి, అదెవరిదని అడుగుతారు.

"మా చిన్నాడిది" అంటుంది అత్తగారు. "ఫొటోలు బాగా తీస్తాడు."