నొప్పి పదికి ఎంత?

ఆ ఉదయం బుజ్జి వేసుకున్న పథకం చాలా చిన్నది. పళ్ళ డాక్టరు గారి వెనకాలే రోజంతా నీడలా తిరగాలి. కనబడిందల్లా నోటుపుస్తకంలో రాసుకోవాలి. సాయంత్రం కాలేజీ ఫారం మీద ఆయన చేత మార్కులు, సంతకం వేయించుకుని ఇంటికి రావాలి. మంచి మార్కులొస్తేనే సెలవుల్లో అదే క్లినిక్కులో శిక్షణ. ఏడో తరగతి నుంచీ ఆమెకు పళ్ళ డాక్టరు కావాలని పిచ్చి. "దేంట్లోనూ వేలు పెట్టకు తల్లీ," అని అమ్మ గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది. అది తన వల్ల కాదని బుజ్జికి అమ్మకంటే బాగా తెలుసు.

క్లినిక్కులో రెండు గదులు. ఒకదాంట్లో డాక్టరు గారు, రెండోదాంట్లో ఆయన భార్య. ఆవిడా పళ్ళ డాక్టరే. "చూడు, రాసుకో, ఏ పనిముట్టూ ముట్టుకోకు," అన్నారాయన. బుజ్జి గంటన్నర సేపు బుద్ధిగా అలాగే చేసింది. అంతలో రిసెప్షన్ అక్క, ప్రింటరు ఇంకు తెస్తాను, కాసేపు ఇక్కడ కూర్చోమని చెప్పి వెళ్ళింది. ఫోను మోగింది. ఫోను పనిముట్టు కాదు కదా అని బుజ్జి తనకు తానే అనుమతి ఇచ్చుకుంది.

బల్ల మీద ఒక చీటీ అంటించి ఉంది. నొప్పి పదికి ఎంతో అడగాలి. ఎనిమిది, ఆపైన ఉంటే ఈరోజే రమ్మనాలి. తక్కువైతే వచ్చే వారం.

"నొప్పి పదికి ఎంతుందండీ?"

"నాలుగుంటుందేమోనమ్మా," అన్నాడు అవతలాయన.

"అయితే వచ్చే వారం రండి. ఎనిమిదైనా ఉంటేనే ఈరోజు చూస్తారు."

అవతలాయన గట్టిగా మూలిగాడు. "ఇప్పుడే తొమ్మిదైందమ్మా."

పాపం అనిపించి రమ్మంది. రూలు దాచడం అన్యాయమనిపించి, ఆ తర్వాత ఫోను చేసినవాళ్ళందరికీ దాన్ని ముందే వివరించింది. అందరికీ తొమ్మిదే. మొదటాయన తన వీధి మొత్తానికీ చెప్పినట్టున్నాడు, ఫోను చేయకుండానే వచ్చినవాళ్ళకూ తొమ్మిదే. పదకొండు దాటేసరికి కుర్చీలు నిండి, జనం మెట్ల మీద కూర్చుని బఠాణీలు కొరుక్కుంటూ కబుర్లు చెప్పుకుంటున్నారు. ఒక తాతగారు కట్టుడు పళ్ళు ఇంట్లో మరిచిపోయి వచ్చారు. ఆయనకీ తొమ్మిదే.

అక్క తిరిగొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏం చేశావ్?"

"రూలు చెప్పానక్కా."

"రూలు మనకమ్మా, వాళ్ళకి కాదు."

బుజ్జి నోటుపుస్తకంలోని కాలేజీ ఫారం వైపు చూసుకుంది. శిక్షణ సంగతి దేవుడెరుగు, సంతకమైనా దక్కేలా లేదు. సరిగ్గా అప్పుడే డాక్టరు గారు బయటికి వచ్చి జనాన్ని చూశారు. ఆయన ముఖం చేటంత అయింది. "ఒక్కరినీ పంపొద్దు, అందరినీ ఇప్పుడే చూస్తాను," అని, బుజ్జితో మెల్లగా, "నీలాంటి పిల్లే కావాలి. ఆ ఫారం ఇలా ఇవ్వు," అంటూ జేబులోంచి పెన్ను తీశారు. ఎంత మంచి మనిషో అని బుజ్జికి కళ్ళు చెమర్చాయి.

ఇంతలో రెండో గది తలుపు తెరుచుకుంది. "పదకొండున్నరైంది. మీ దవడ పన్ను ఇప్పుడే పీకాలి. మూడు నెలల నుంచి తప్పించుకుంటున్నారు," అంది డాక్టరమ్మ.

"ఇంతమంది బాధపడుతుంటే నాకెలా కుదురుతుంది? నాది మహా అయితే రెండు."

డాక్టరమ్మ ఆయనతో వాదించకుండా బుజ్జి వైపు తిరిగింది. "పొద్దుటి నుంచి వెంటే ఉన్నావుగా. ఏం రాసుకున్నావ్?"

పెన్ను మార్కుల గడి మీద ఆగింది. డాక్టరు గారు కనిపించీ కనిపించకుండా తల అడ్డంగా ఊపారు. నోరు మూసుకుంటే చాలు, శిక్షణ తనదే. కానీ ఆయన ఎడమ చెంప బూరెలా ఉబ్బి ఉంది. బుజ్జికి నిజంగా జాలేసింది. నోటుపుస్తకం తెరిచి చదివింది.

"తొమ్మిదీ పదికి ఎడమ చెంప పట్టుకున్నారు. తొమ్మిదింబావుకి మళ్ళీ. నీళ్ళు కుడివైపు నుంచే తాగారు. పదిన్నర లోపు మొత్తం పదిహేడు సార్లు 'అబ్బా' అన్నారు. నా లెక్కలో ఇది నిజం తొమ్మిదండీ."

మెట్ల మీద జనం లేచి నిలబడ్డారు. "ముందు డాక్టరు గారిని చూడండమ్మా," అన్నాడు ఆ మొదటాయన. "మాదేముంది, నాలుగే." తాతగారు తన వంతు కూడా ఆయనకే ఇచ్చేశారు.

అరగంట తర్వాత డాక్టరు గారు దూది కరిచి పట్టుకుని, ఒక్క మాటా మాట్లాడలేక, ఫారం నింపి ఇచ్చారు. "సెలవులివ్వగానే నా గదికి వచ్చేయ్," అంది డాక్టరమ్మ. బుజ్జి వీధిలోకి వచ్చాక గానీ ఫారం విప్పి చూడలేదు. పదికి తొమ్మిది మార్కులు వేసి, అభిప్రాయం అన్నచోట ఆయన ఒక్క వాక్యం రాశారు: "గమనించే గుణం అవసరానికి మించి ఉంది."