ఉప్పునీటి చేప: స్వాధీన విచారణ

కార్యాలయానికి పని మీద వచ్చిన మనిషిని, ఆ పని చేయకుండానే శాంతపరచడానికి మానవజాతి ఇంతవరకు రెండే సాధనాలు కనిపెట్టింది. ఒకటి బెంచీ. రెండోది చేపల తొట్టి. బెంచీ మహిమ తగ్గిపోయినందున, రెండువేల ఎనిమిది వేసవిలో భద్రాచలంలోని అడవి భూముల హక్కుల పరిశీలన కార్యాలయం (అలాంటిదొకటి ఉందా అని వెతక్కండి, ఉన్నా దొరకదు) రెండోదాన్ని ప్రవేశపెట్టింది.

బెంచీ మహిమ ఎంత తగ్గిందో జంపక్కను అడిగితే చెబుతుంది. నాలుగేళ్లుగా ప్రతి సోమవారం ఊరి నుంచి బస్సెక్కి వచ్చి ఆమె దానిమీదే కూర్చుంటోంది. అడవి అంచున ఆమెకు మూడెకరాల పోడు ఉంది. తాత చదును చేసిన చేను, తండ్రి దున్నిన చేను, ఇప్పుడు తను జొన్న వేస్తున్న చేను. దానికి పట్టా రావాలి. ఈ వానాకాలంలోపు రాకపోతే అందులో జామాయిల్ మొక్కలు నాటుతామని అటవీ శాఖ జీపులో వచ్చినవాళ్లు చెప్పి, సున్నంతో గీతలు కూడా గీసి పోయారు.

జంపక్క తప్పు అసలే లేదని అనలేం. సాగుకు రుజువు అడిగితే చేతులు చూపించింది. ఇద్దరు పెద్దమనుషుల సాక్ష్యం కావాలంటే ఇద్దరు ముసలివాళ్లను తోలుకొచ్చింది. తాము ముసలివాళ్లమని చెప్పుకోవడానికి వాళ్ల దగ్గర వయసు పత్రాల్లేవు. (ఒకాయన ఆ పత్రం కోసం తిరుగుతూనే కాలం చేశాడు. మరణ పత్రం ఇంకా రాలేదు కనుక కార్యాలయం దృష్టిలో ఆయన ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాడు.)

తొట్టి ఆలోచన ప్రత్యేకాధికారి వెంకటరామారావు గారిది. మొదట అందులో కొర్రమీను వేశారు. రెండు రోజుల్లో బెంచీ మీది జనం అర్జీలు మరిచిపోయి, దానికి చింతపండు పులుసా, మామిడికాయ పులుసా అని రెండు వర్గాలుగా చీలారు. మూడో రోజు చేప కనబడలేదు. అటెండరూ కనబడలేదు. ఇక లాభం లేదు, ఎలా వండాలో ఈ ప్రాంతంలో ఎవరికీ తెలియని చేపే కావాలి, అంటే సముద్రపు చేపే కావాలి అని తీర్మానమైంది. రెండడుగుల తొట్టికి ఉప్పు కలిపిన నీళ్లు, ఒక రాయి మంజూరయ్యాయి.

ఏ చేప అన్నదే చిక్కు. జూనియర్ అసిస్టెంటు లచ్చిరాంది టేకులపల్లి దగ్గరి తండా. సముద్రాన్ని కేలండర్‌లో తప్ప చూసి ఎరగడు. అందుకే బాధ్యత అతనికి అప్పగించారు. విజయవాడలోని పెంపుడు చేపల దుకాణం నుంచి అతను మూడు పేర్లు తెచ్చాడు. ట్రిగ్గర్ అనేది తొట్టికి మించి పెరుగుతుందని, లయన్ అనేదాని ముల్లులో విషముందని సారు కొట్టేశారు. మిగిలింది డామ్సెల్. బొటనవేలంత నీలి చేప. పొట్లాటమారిదని దుకాణదారు ముందే చెప్పాడు. సారు మాత్రం దానికే మొగ్గారు. మెతక చేపలైతే రాయి వెనక పడుకుంటాయి, ఆఫీసులో పడుకున్న చేప కనబడితే జనం లేనిపోని పోలికలు తీస్తారు అన్నది ఆయన భయం.

పొట్లాటమారిది కాబట్టి సత్ప్రవర్తన పత్రం తప్పనిసరి అన్నారు. దుకాణదారు ఓపికగలవాడు. తన దుకాణంలో ఉన్న పదకొండు రోజుల్లో దీనిమీద ఫిర్యాదులేవీ రాలేదని రాసి ముద్ర కొట్టాడు. కింద ఇంకో మాట చేర్చాడు: సాధు చేపలను ముందు వదలండి, దీన్ని అందరికంటే చివర వదలండి, ముందొస్తే తొట్టంతా తనదే అనుకుంటుంది. లచ్చిరాం ఆ మాట రెండుసార్లు చదివి వినిపించాడు. ఏం లాభం? డామ్సెల్ బిల్లే ముందు పాసైంది. ముందు పాసైనదాన్ని వెనక చేర్చుకుంటే దాని సీనియారిటీ దెబ్బతింటుందని, రేపు కోర్టుకెక్కినా ఎక్కుతుందని సారు అన్నారు. ఆ విధంగా డామ్సెల్ జూన్ రెండున విధుల్లో చేరింది. దానికి తోడుగా కొన్న రెండు సాధు చేపలు జూన్ పదహారున వచ్చాయి.

గంట తిరక్కుండానే నీలిది వాటిని తరిమి తరిమి మూలనున్న గాలి గొట్టం వెనక్కి నెట్టింది. అడ్డం పోయిన లచ్చిరాం వేలు కొరికింది. బెంచీ మీది జనం మళ్లీ రెండు వర్గాలయ్యారు. అప్పుడిక వెంకటరామారావు గారు స్వయంగా విచారణకు దిగారు. తొట్టి ముందు కుర్చీ వేయించుకుని ఇరవై నిమిషాలు కూర్చున్నారు. (ఆ కార్యాలయ చరిత్రలో ఇదే మొదటి క్షేత్ర పరిశీలన.) నీలి చేప రాయి ముందరి ఇసుకను నోటితో ఎత్తి పక్కన పోస్తోంది. రాతి మీది పాచికి కాపలా కాస్తూ మధ్యమధ్య కొరుక్కుతింటోంది. సారు చెబుతుంటే లచ్చిరాం కట్టు కట్టిన వేలితోనే రాసుకున్నాడు: తొలుత వచ్చినది. నేల చదును చేసి, పాచి పెంచి, అనుభవించుచున్నది. స్వాధీనం రుజువైనది. రాయి దీనిదే. వెనుక వచ్చినవి ఆక్రమణదారులు. సంతకం, ముద్ర, తేదీ అన్నీ ఒక్క పూటలో అయిపోయాయి.

ఆ వేళ సోమవారం. జంపక్క బెంచీ మీద కూర్చుని అంతా చూసింది. నాలుగేళ్లలో మొదటిసారి పిలవకుండానే లేచి సారు కుర్చీ దగ్గరికి నడిచింది.

"సారూ, గీ చేప ఏం కాగితం పెట్టింది?"

వెంకటరామారావు గారు కోప్పడలేదు. ఆయన ప్రజల మనిషి. "దానికి కాగితం ఎందుకమ్మా? కళ్లముందు సాగు చేస్తుంటే కనబడటం లేదూ?"

"నాది గూడ కనబడ్తది సారూ. ఒక్కపారి వచ్చి చూడుండ్రి. మా తాత మీ ఆఫీసు కన్న ముందొచ్చిండు."

లచ్చిరాం ఆమె ఫైలును కట్ట అడుగు నుంచి తీసి సారు చేతిలో పెట్టాడు. ఇది అతని విధుల్లో లేదు. సారు ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు. చేపకొక న్యాయం, మనిషికొక న్యాయం ఉండరాదని, చేపకు పెట్టిన కొలతే జంపక్కకూ పెడతానని, తనే చేనుకు వచ్చి చూస్తానని అందరి ముందూ మాటిచ్చారు. జంపక్కకు ఏడుపు ఆగలేదు. ఆమె సంతోషానికి తగ్గట్టు అప్పటికప్పుడు బయల్దేరేవారే గానీ, జీపు చేపకు ఉప్పు తేవడానికి విజయవాడ పోయింది.

జీపు రావడానికి ఆరు రోజులు పట్టింది. దాన్ని బాగుచేయించడానికి నెల పట్టింది. తర్వాత గోదావరి పొంగి దారి మునిగింది. నీళ్లు తీశాక, ఆగస్టు చివర, సారు మాట తప్పకుండా చేనుకు వచ్చారు. జొన్న లేదు. అటవీ శాఖవాళ్లు జూలైలోనే మొలకలు దున్నేసి జామాయిల్ పెట్టారు, మొక్కలు మోకాలెత్తు లేచాయి. సారు మాట ప్రకారం చేపకు పెట్టిన కొలతే పెట్టారు. నేల చూశారు, పెరుగుతున్నవేవో చూశారు, ప్రస్తుతం స్వాధీనంలో జామాయిల్ మొక్కలు ఉన్నవని రాయించారు. పరిశీలన జరుగుతున్నంత సేపు జంపక్క ఆ మొక్కల మధ్యే నిలబడి ఉన్నందున, ఆమె పేరు ఆక్రమణదారుల వరుసలో చేర్చారు.